తార తన కేసు తానే చెప్పుకున్న రోజు

ఆర్మూర్‌లో తార ఉండే వాడలో ఆమె అంత వేగంగా బీడీలు చుట్టేవాళ్లు లేరు. ఆ పని మీదనే కూతురు వర్షితను ఇంటర్ దాకా తెచ్చింది. భర్త దేవిదాస్ పదిహేనేళ్లుగా దుబాయ్‌లో ఉన్నాడు. పోయినేడు వస్తూనే విడాకుల కేసు వేశాడు. రెండు లక్షలు ఇస్తాననీ, పసుపు గోదాముల వెనక ఉన్న ప్లాటు మాత్రం తన ఒక్కడి కష్టార్జితమనీ రాయించాడు.

విడిపోవడానికి తారకు అభ్యంతరం లేదు. పదిహేనేళ్లలో కలిసి బతికింది గట్టిగా ఇరవై నెలలు. కానీ ‘ఒక్కడి కష్టార్జితం’ అన్న చోట ఒళ్లు మండింది.

పెట్టుకున్న వకీలు మూడు వాయిదాలకు ఫీజు తీసుకొని, "రెండు లక్షలంటే తక్కువేం కాదమ్మా, ఒప్పుకో" అన్నాడు. ఆ సాయంత్రమే ఫైలు వెనక్కి తెచ్చుకుంది.

"మరి కోర్టుల ఎవరు మాట్లాడుతరమ్మా?" అంది వర్షిత.

"నేనే. బీడీలు బాగలేవని తీసిపారేసే సేటుతోని ఇరవై ఏండ్లు కొట్లాడిన. మాట్లాడ రాదా నాకు?"

అన్నదే కానీ ఊరికే కూర్చోలేదు. పని మానుకొని రెండు నెలలు కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చొని, ఎవరు ఎప్పుడు లేస్తారో, ఏం అడుగుతారో చూసింది. మహిళా సంఘం అప్పు పుస్తకం, గాజులు కుదువపెట్టిన రసీదు తారీఖుల వారీగా పేర్చింది.

వాయిదా రోజు జడ్జి మేడం, "ప్రభుత్వం తరఫున వకీలును ఇస్తాం, ఫీజు ఉండదు. కావాలా?" అని అడిగింది.

"వద్దు మేడం. నా సంసారం ఎట్ల నడిచిందో నాకన్న ఎవలికెరుక?"

దేవిదాస్ వకీలు ఇంగ్లీషులో మొదలుపెట్టగానే తార లేచింది. "సార్, జర తెలుగుల చెప్పుండ్రి. నా మీద చెప్పేది నాకు సమజ్ గావాలె గదా." జడ్జి తలూపింది.

దేవిదాస్ బోనెక్కాక, అతన్ని ప్రశ్నలడిగే వంతు తారకు వచ్చింది.

"వర్షిత బాపూ, ప్లాటు కొన్న ఏడు నీ కంపెనీ మూతవడ్డది. అవునా?"

"అవును."

"ఎన్ని నెలలు జీతం రాలే?"

"తొమ్మిది."

"గప్పుడు నీ తిండికి, టికెట్‌కు పైసలు ఎవరు పంపిండ్రు?"

అతను వకీలు వైపు చూశాడు.

"అటు జూడకు. నన్ను జూసి చెప్పు."

"నువ్వే," అన్నాడు మెల్లగా.

ఆమె అప్పు పుస్తకం, గాజుల రసీదు జడ్జికి అందించింది. ప్లాటుకు కట్టిన ప్రతి రూపాయీ ఆ తొమ్మిది నెలల్లోనే, ఆమె తెచ్చిన అప్పు నుంచీ గాజుల డబ్బు నుంచే పోయిందని కాగితాలు చెప్పాయి.

రాజీకి కూర్చోమంది కోర్టు. సగం ప్లాటు ఇస్తామన్నాడు దేవిదాస్ వకీలు.

"సగం గాదు. నెలనెల భరణమని నీ ఎంట తిరగ. ప్లాటు నా పేర రాయి, పిల్ల డిగ్రీ ఫీజు కట్టు. గంతే" అంది తార, దేవిదాస్‌తోనే నేరుగా.

ఆమె పేర్చిన కాగితాల కట్ట వైపు చూసి, అతను సరేనన్నాడు. నెల తిరక్కుండా ప్లాటు తార పేర రిజిస్ట్రేషన్ అయింది, ఆ తర్వాత విడాకులూ వచ్చాయి.

ఇప్పుడు ఆ ప్లాటులో రెండు గదులకు గోడలు లేస్తున్నాయి. మొన్న భీమ్‌గల్ నుంచి ఒకామె, తన కేసు తానే ఎట్లా చెప్పుకోవాలో అడగడానికి ఫైలు పట్టుకొని వస్తే, తార ఇటుకల మీదే కూర్చోబెట్టి, ఒక్కో కాగితమూ చదివించుకుంది.