రత్నరాజు కాలు నేలకి అందనివ్వలేదు

మా రత్నరాజుని చంపింది కొండ కాదు.

ఆదివారం మన కొండ మీద సైకిల్ రేసు పెట్టిన క్లబ్బు ప్రెసిడెంటు. పేరు రాయను. బ్యానర్ నిండా ఆయన ఫోటోయే, అందరూ చూసేరు.

నిన్న పొద్దున్న ఏడుంపావుకి ఆస్పత్రి నుంచి వాళ్ల అక్క ఫోన్ చేసింది. "తమ్ముడు లేడ్రా" అంది.

నేను "ఏ వార్డుకి మార్చేరు?" అని అడిగేను.

అంత వెధవని.

ఈరోజు మధ్యాహ్నం మట్టి వేసి వచ్చి నెట్ సెంటర్‌లో కూర్చుని రాస్తున్నాను. చేతులకి ఇంకా ఎర్రమట్టి ఉంది. కీబోర్డుకి అంటుతోంది. అంటనీ.

వాడు నాకు చిన్నప్పటి ఫ్రెండ్. అచ్యుతాపురంలో కాంట్రాక్ట్ వెల్డరు. ఆరు రోజులు కంపెనీ బస్సు. ఏడో రోజు చర్చి. చర్చి అవ్వగానే కొండెక్కి, పైనుంచి సైకిల్ మీద రాళ్లలో పడి దిగిపోవడం. దాన్ని డౌన్‌హిల్ అంటారని మాకు చాలాకాలం తెలీదు.

వాళ్ల నాన్న మరియదాసు మావ ఒకప్పుడు సైకిల్‌కి బెల్లం దిమ్మలు కట్టుకుని మార్కెట్‌కి తెచ్చేవాడు. ఆ బరువుకి పల్లంలో బ్రేకులు పట్టవు. ఎడమ కాలు కిందకి దింపి, టైరు చెప్పు నేలకి రాసుకుంటూ దిగాలి.

మావ వీడికి నేర్పింది ఆ ఒక్కటే. "సైకిలు పోతే పోనీరా. నీ కాలు నీకు రావాల."

అందుకే వీడివి ఫ్లాట్ పెడల్స్. వెడల్పు ఇనప రేకు కోసి, దాని మీద పొట్టి బోల్టులు వెల్డింగ్ చేసుకున్నాడు. కాన్వాస్ బూటు అడుగున టైరు ముక్క అంటించేడు. బోల్టులు ఆ టైరులో దిగితే ఎంత గతుకులోనూ కాలు జారదు. ఎత్తితే మాత్రం వచ్చేస్తుంది.

ఓసారి ఎర్రమట్టి మలుపులో వెనక చక్రం జారిపోయింది. వీడు సైకిల్ని వదిలేసి, నాలుగడుగులు పరిగెత్తి నిలబడ్డాడు. సైకిల్ తుప్పల్లోకి పోయింది.

"సూసేవా బావా, నేను దిగిపోయేను, అదింకా రేసులోనే ఉంది" అన్నాడు.

మొన్న ఆదివారం మొదటిసారి చర్చి మానేసి వచ్చేడు. స్టార్టింగ్ లైన్ దగ్గర ఆ ప్రెసిడెంటు పెద్దమనిషి వీడి పెడల్స్ చూసి పగలబడి నవ్వేడు.

"ఇది బెల్లం బండా, రేసు సైకిలా? ఇక్కడ అందరికీ క్లిప్ పెడల్సే. స్పాన్సర్లు ఫోటోలు తీస్తారమ్మా, పరువు తియ్యకండి."

వీడి పెడల్స్ ఊడదీయించి గోనెసంచిలో పడేసేరు. వాళ్లవి బిగించేరు.

క్లిప్ పెడల్ అంటే, షూ అడుగున ఉన్న ఇనప ముక్క పెడల్లోకి టక్కుమని దిగి పట్టేస్తుంది. కాలు బయటికి రావాలంటే మడమ పక్కకి తిప్పాలి. మడమతో పాటు షూ తిరగాలి. మంచివే అంటారు. సరిపోయిన షూ ఉండి, నెలల తరబడి అలవాటు చేసుకున్నవాడికి మంచివే కావచ్చు.

వీడికి ఇచ్చింది ఇరవై నిమిషాలు.

క్లబ్బు దగ్గర మిగిలిన షూ జత ఒక్కటే, తొమ్మిదో నంబరు. వీడిది ఏడు.

"వద్దు బావా, పోదాం పద" అన్నాను.

"ఏటి బావా, పోయి మా అక్కకి ఏటి సెప్పను? సూడ్డానికొచ్చింది. బూటు ముందర్న ఏదో ఒకటి కూరు."

నా సంచీలో కరపత్రాలున్నాయి. కాంట్రాక్ట్ కార్మికులకి సరైన బూట్లు ఇవ్వాలని మేం వేసినవి. నేనే మడిచి, నేనే కూరేను.

"ఇన్నాళ్లకి నీ ఉద్యమం నా కాలికి పనికొచ్చింది" అని నవ్వేడు.

నేనూ నవ్వేను.

అదే ఎర్రమట్టి మలుపు. వెనక చక్రం జారింది. వాడు మడమ తిప్పడం నాకు కనిపించింది. రెండుసార్లు తిప్పేడు. ఆ కాగితాల మధ్య పాదం తిరిగింది. షూ తిరగలేదు.

సైకిల్‌తో పాటే బండ మీద పడ్డాడు. హెల్మెట్‌కి గీత కూడా పడలేదు. దెబ్బంతా ఛాతీకే.

కాబట్టి ఇందులో నా చెయ్యి కూడా ఉంది. ఇంకెవడో రాసేలోపు నేనే రాస్తున్నాను.

కానీ నిన్న సాయంత్రం క్లబ్బు వాళ్లు ఇచ్చిన స్టేట్‌మెంట్ చదవండి. అనుభవం లేని రైడరట. స్వయంకృతమట. రూల్ మాత్రం మారదట. వచ్చే ఆదివారం రెండో రౌండు, అదే మలుపులో, అవే అరువు బూట్లతో.

ఈరోజు సమాధి దగ్గరికి దండ పంపించేరు. దానికీ స్పాన్సర్ పేరున్న రిబ్బను. ఛీ!

మరియదాసు మావ ఆ దండ తీసుకెళ్లి గేటు బయట పెట్టి వచ్చేడు.

కొండ దిగేవాడి కాలికి ఏది కావాలో ఆ దిగేవాడే తేల్చుకోవాలి. క్లిప్ కావాలన్నవాడు క్లిప్ వేసుకోనీ. ఫ్లాట్ మీద దిగేవాడిని లైన్ దగ్గర ఆపడానికి వీళ్లెవరు? ఈ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టేదాకా అక్కడ రేసు జరగనివ్వకూడదు.

వాడి పెడల్స్ ఆ గోనెసంచిలోంచి వెతికి తెచ్చేను. పొద్దున్నే వాడి సైకిల్‌కి మళ్లీ బిగించేను. ఒక బోల్టుకి ఇంకా టైరు రబ్బరు అంటుకుని ఉంది.

బావా, నాకు దేవుడు లేడు. నీకున్నాడు. ఆయన దగ్గర బూట్లు విప్పేసి నెమ్మదిగా కూర్చో. ఇంక ఎవడూ నీ కాలు పట్టుకోడు. వెళ్లిరా.

మిగతా అందరికీ. రేసు ఏడింటికి. మనం ఆదివారం ఉదయం ఆరింటికే స్టార్టింగ్ లైన్ మీద ఉండాలి. మధ్యలో వాడి సైకిల్ ఉంటుంది. పక్కన మరియదాసు మావ నిలబడతానన్నాడు, టైరు చెప్పులు వేసుకుని.

ఆయన్ని ఒక్కడినీ నిలబెట్టకండి. ఆరింటికి రండి.