ముందు కూర్చున్నవాడిదే సంచుల కాపలా

పోయిన కార్తీకంలో అహోబిలం కొండల్లో నాకు చిరుతపులి ఎదురైంది. గుర్రమంత పులి. నేను కళ్లెర్రజేసి చూస్తే తోక ముడుచుకొని పోయింది. సరే, గుర్రమంత కాదు, కుక్కంత. ఇంకా నిజం చెప్పాలంటే అది కుక్కే. మా రొట్టెల వాసన పట్టుకొని కింది ఊరి నుంచి వెంట వచ్చింది. పులి సంగతి అబద్ధమైనా, నేను ఉక్కుస్తంభం ఎక్కానన్న మాట మాత్రం నిజం. నరసింహస్వామి చీల్చుకొని వచ్చిన స్తంభం ఆ కొండకొనేనని చెబుతారు.

మేం నలుగురం. నేను కాక, బస్సులు నడిపి రిటైరైన డ్రైవరు, శనగ పండించే రైతు, ఇప్పటికీ మగ్గం దిగని నేతగాడు. అందరివీ కోయిలకుంట్ల చుట్టుపక్కల ఊళ్లే, అందరం డెబ్బైకి అటూ ఇటూ. వీలు దొరికినప్పుడల్లా పొద్దున్నే బస్సెక్కి ఏదో ఒక కొండకు పోయి, పొద్దుగూకే లోపల ఇల్లు చేరతాం. మాకొక కట్టుబాటు ఉంది. కొండ మీద ముందు ఎవడు కూలబడితే వాడు అక్కడే ఉండి అందరి సంచులకూ కాపలా కాయాలి. కోతుల మధ్య సంచులు వదిలేసి పోలేం కదా! మిగిలినవాళ్లు చేతులూపుకుంటూ పైదాకా పోయి వస్తారు.

అంతకు ముందు ఎక్కిన కొండలన్నిటి మీదా కాపలా నాదే. వాళ్లు దిగివచ్చి "పైన శానా బాగుండాది లే" అంటే విని తల ఊపడమే తప్ప, ఏ కొండకైనా కొన ఎలా ఉంటుందో నేను చూసి ఎరగను. ఈసారి ప్రాణం పోయినా సరే, ముందు కూర్చోకూడదనుకున్నాను.

ఎగువ అహోబిలం దాటితే వాగు వెంట నడక. వానలు బాగా పడ్డాయేమో, నీళ్లు బండల మీద ఎగిరి దూకుతున్నాయి. నల్లరేగడిలో మబ్బుల కోసం మెడలు నిక్కించి బతికినవాళ్లం, ఆ చప్పుడుకే మాకు పూనకం వచ్చింది. డ్రైవరు ప్యాంటు మడిచి వాగులోకి దిగాడు. రైతు దోసిలి నింపుకొని, "ఈ వాగును మా చేనికి మళ్లిస్తే ఎట్లుంటాదప్పా!" అన్నాడు.

ఇంత సంబరంలోనూ ఎవడూ కూర్చోడు. ఆయాసం వస్తే సాకులు వెతకడమే. డ్రైవరు ఫోను పైకెత్తి సిగ్నల్ కోసం నిలబడతాడు. రైతు ఏదో మందుచెట్టు దొరికినట్టు బెరడు గోకి వాసన చూస్తాడు. నేను పిట్టలను చూపిస్తాను, లేనివాటిని కూడా.

"యాడప్పా పిట్ట?" అన్నాడు డ్రైవరు.

"ఆ కొమ్మన. ఇప్పుడే ఎగిరిపాయ."

"నీకు ఆయాసం తీరినంకనే ఎగురుతాది లే అది!"

నేతగాడికి మాత్రం ఏ సాకూ అక్కర్లేదు. బుద్ధెరిగినప్పటి నుంచి గుంటమగ్గం తొక్కిన కాళ్లవి.

జ్వాలా నరసింహుడి గుడి దగ్గర, పైనుంచి పడే నీటి తుంపరలో తడిసి, దండం పెట్టుకొని, స్తంభం కిందికి చేరాం. అక్కడి నుంచి దారి ఉండదు. వేళ్లూ బండలూ పట్టుకొని పాకాల్సిందే. సంచులు మోసుకుంటూ ఎక్కే చోటు కాదది. ఎవడో ఒకడు ఆగాలి. నలుగురం నిలబడి ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నాం. నా మోకాళ్లు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నాయి. ఇంకాస్సేపైతే కూలబడేవాణ్ణే.

నేతగాడు నా కాళ్ల వంక చూశాడు. తువ్వాలు పరుచుకొని తాపీగా కూర్చున్నాడు.

"నాతో కాదప్పా. మీరు పోండి."

"నీతో కాకపోయేదేందిరా?" అన్నాడు రైతు.

"కూచున్నా కదా, ఓడిపోయినట్లే. పోతారా, మాటలు చెప్తాంటారా?"

నేను మేకపోతులా ఎగిరెగిరి ఎక్కాను. కాదులెండి, పసిపిల్లాడిలా పాకాను. ఆఖరి బండ దగ్గర డ్రైవరు వెనక నుంచి నెత్తితో నెట్టాడు. "ఈ బండి తోస్తేగానీ కదలదప్పా" అని గొణుగుతూనే.

పైన! కొన మీద పాతిన జెండా పటపట కొట్టుకుంటోంది, గాలి నా పంచె లాక్కుపోతానంటోంది, చుట్టూ నల్లమల మడత మీద మడతగా పచ్చగా పరుచుకొని ఉంది. మబ్బు చేతికి తగిలిందని మనవళ్లకు చెప్పాను. తగల్లేదు. కానీ తగిలినంత పనైంది. ఈలలు వేశాను, గోవిందా అని అరిచాను.

అరుస్తూనే కిందికి చూశాను. చెట్లు తప్ప ఏమీ కనపడలేదు. నేతగాడు అక్కడ ఒక్కడే కూర్చొని ఉంటాడు.

"రాప్పా! సంచులు పోతే పోనీ, కోతులు తిననీ! నువ్వు రా!" అని కేకేశాను. కొండ కూడా నాతోపాటు అరిచింది.

చాలాసేపటికి బండ అంచున ఒక చెయ్యి, దాని వెనక తల తేలాయి. నేతగాడే! నాలుగు సంచులనూ తువ్వాలుతో మూటగట్టి వీపుకు బిగించుకున్నాడు.

"ఇది మోసం!" అన్నాడు రైతు, నవ్వు ఆపుకోలేక.

"రొట్టెలు తెచ్చినోడిది మోసమెట్లయితాదప్పా?" అన్నాడు నేతగాడు.

అంచు మీదికి అతణ్ణి నేనే చెయ్యిచ్చి లాగానని ఊళ్లో చెప్పుకుంటున్నాను. లాగలేదు. నేను చెయ్యి చాపిన మాట నిజమే. అతను దాన్ని పట్టుకొని, కాళ్లు వణుకుతున్న నన్ను జెండా దాకా నడిపించుకుపోయాడు.