గుండు విసిరింది చెల్లె, దెబ్బ తిన్నది నా బేరం

మా చెల్లెలు సరిత షాట్‌పుట్‌లో రాష్ట్ర చాంపియన్. మెడల్ గెలిచినప్పుడల్లా పేపరువాళ్లు వచ్చి, "మీ విజయం వెనుక ఎవరున్నారు?" అని అడుగుతారు. కోచ్ పేరు చెబుతుంది, అవ్వాబాపుల పేర్లు చెబుతుంది, ఒకసారైతే మా ఇంటి బర్రెను కూడా తలచుకుంది. నా పేరు మాత్రం రాదు. రాకపోవడమే న్యాయం. ఆ చాంపియన్ జీవితాన్ని మొదలుకాకముందే ముగించడానికి నేను ఒక పూటంతా చేసిన కృషి సామాన్యమైంది కాదు.

మాది హుజూరాబాద్‌లో గిన్నెల దుకాణం. మా ఇంట్లో పిల్లలకు మాటలు రాకముందే బేరం వస్తుంది. నేనైతే డాక్టరు రెండు సూదులంటే, "ఒకటే కానీయండి సార్" అని బతిమాలిన ఘనుణ్ని. ఈ విద్యలో ఒక బ్రహ్మాస్త్రం ఉంది, మీకూ తెలిసే ఉంటుంది. "వద్దులే" అని మొహం చిట్లించి నడిచి వెళ్లిపోవాలి. వెనక్కి చూడకూడదు. అవతలివాడు పిలుస్తాడు. మొదటి పిలుపుకే తిరిగితే చులకనైపోతాం. రెండో పిలుపుకు తిరగాలి, అదీ ఏదో దయతలచినట్టు.

సరిత పదో తరగతి అయిపోయిన ఎండాకాలం, ఆదిలాబాద్ వైపున్న ఒక క్రీడా హాస్టల్ కోసం కరీంనగర్‌లో ఎంపికలు పెట్టారు. షాట్‌పుట్‌కు ఉన్నది ఒక్కటే సీటు. బాపు తేల్చి చెప్పాడు: "సీటొస్తే పో బిడ్డా. రాకుంటే దుకాణంల కూసో. గీ గుండ్ల పంచాది బందు." తోడుగా నన్ను పంపాడు. నాకు నేనే మేనేజరుగా ప్రమోషన్ ఇచ్చుకున్నాను.

సరిత అందరికంటే దూరం విసిరింది. బోథ్ నుంచి వచ్చిన పిల్ల జానెడు తేడాతో రెండోది. బుర్ర మీసాల కోచ్ నన్ను పిలిచి, "పిల్ల మంచిగ వేసింది తమ్మీ, తీసుకుంటం. గీడ సంతకం పెట్టు" అన్నాడు.

సంతకం పెడితే కథ అక్కడితో అయిపోయేది. కానీ కొనేవాడు సరుకును తన నోటితోనే పొగుడుతున్నాడు! ఇంత అమాయకుణ్ని నా జన్మలో చూడలేదు. పిండకుండా వదిలితే మా దుకాణానికే అవమానం.

"సార్, పొద్దుగాల తినెతందుకు ఏం పెడ్తరు?"

"పాలు, ఉప్మా, ఒక గుడ్డు."

"ఒక్కటేనా? గుండు విసిరే పిల్ల సార్. మూడియ్యుండ్రి."

"అందరికి ఒక్కటే తమ్మీ."

"సరే, మీది కాదు నాది కాదు, రెండు. మీదికెళ్లి ఒక అరటిపండు."

"నువ్వు సీటు కోసం వచ్చినవా, నాష్టా కోసం వచ్చినవా?"

సరిత నా చొక్కా గుంజింది. "అన్నా, నాకు గుడ్డే వద్దు. సంతకం పెట్టు."

"నువ్వు ఊకో. సరుకు మాట్లాడొద్దు," అన్నాను. ఇనుప గుండును ఆవలి గీత దాటించే చేతులున్న పిల్లతో ఈ మాటన్నాను. ఇవాళ మీ ముందు ఇలా రాసుకుంటున్నానంటే అది కేవలం ఆమె దయ.

ఇంతలో బోథ్ పిల్ల తండ్రి ముందుకొచ్చి, చేతులు జోడించి, "సార్, మా పోరికి గుడ్డు లేకున్నా నడుస్తది," అన్నాడు. పక్క కొట్టువాడు రేటు తగ్గించేశాడన్నమాట! కోచ్ మీసాలు అటు తిరిగాయి. ఇక లాభం లేదని బ్రహ్మాస్త్రం తీశాను.

"అయితే వద్దులే సార్! ఆదిలాబాద్ సలి మా పిల్లకు పడది."

సంచి భుజాన వేసుకుని, సరిత చెయ్యి పట్టుకుని, మైదానం ఆ చివరనున్న గేటు వైపు మెల్లగా, పిలవడానికి టైమిస్తూ నడిచాను.

"అన్నా, నీ కాళ్లు మొక్కుత, ఆగు!"

"ఫికర్ జెయ్యకు. వెనుకకు చూడకు. ఇప్పుడు పిలుస్తడు చూడు."

దారిలో ఎక్కడో ఆమె చెయ్యి నా పట్టులోంచి జారింది. చెమట అనుకున్నాను. నా ఉపన్యాసం మాత్రం ఆగలేదు. వెనుక ధప్పుమని చప్పుడైంది. "విన్నవా? సార్ టేబుల్ గుద్దిండు. పరేషాన్ అయితుండు." సరిత మాట్లాడలేదు. గౌరవం అనుకున్నాను. ఇంకాసేపటికి మరింత గట్టిగా ధప్పు. "ఇగ కుర్చీ తన్నిండు. అయిపోయింది ఆయన పని."

గేటు దగ్గరకు వచ్చేసరికి వినిపించింది: "ఓ తమ్మీ!"

తిరగలేదు. నియమం నియమమే.

"ఓ తమ్మీ, నిన్నే! జర ఆగు!"

అప్పుడు తిరిగాను, కోట గెలిచిన రాజులా నవ్వుతూ. పక్కన చూస్తే చెల్లె లేదు. దూరంగా సున్నపు వలయంలో నిలబడి ఉంది, ఉత్త కాళ్లతో, మోకాళ్ల దాకా దుమ్ముతో. తర్వాత తెలిసింది, నా చెయ్యి విదిలించుకుని పరుగెత్తి, "సార్, నాకు గుడ్డు వద్దు, మా అన్న వద్దు, ఇంకొక్క చాన్స్ ఇయ్యుండ్రి" అని ఏడ్చిందట. బోథ్ పిల్లనూ ఆమెనూ చెరొకసారి విసరమన్నాడట కోచ్. నేను విన్న టేబులూ కుర్చీ ఆ రెండు గుండ్లే. రెండోది మా చెల్లెది. అదే ఎక్కువ దూరం పడింది.

"సీటు ఖాయమైంది," అని అరిచాడు కోచ్. "మీ బాపుతోని ఫోన్ల మాట్లాడిన, సంతకానికి ఆయన్నే రమ్మన్న. నువ్వు నీ బుజం మీది సంచి గీడ పెట్టి పో. ఆ పిల్ల బూట్లు అందుల ఉన్నయట!"

ఆ తర్వాత సరిత రాష్ట్రమంతా తిరిగింది, మెడళ్లు తెచ్చింది, ఉద్యోగం తెచ్చుకుంది. ఏ మైదానానికి వెళ్లినా నాకు పాస్ పంపుతుంది, దాని వెనుక మాత్రం "ఎవ్వరితోని మాట్లాడొద్దు" అని రాసి పంపుతుంది.

కాబట్టి పాఠక మహాశయుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎవరి భవిష్యత్తునూ చేత పట్టుకుని బేరం మధ్యలో నడిచి వెళ్లిపోను. ఒకవేళ వెళ్లినా, పట్టుకున్న చెయ్యి ఇంకా చేతిలోనే ఉందో లేదో అడుగడుగునా చూసుకుంటాను. ఈ ప్రమాణం టమాటాలకు వర్తించదు.