కళ్ళు తెరిపించిన తిట్టు

తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన రోజుల్లో, మావారి ఉద్యోగరీత్యా డర్బన్‌లో ఉండేవాళ్ళం. మొటిమలకి డాక్టర్ రాసిచ్చిన క్యాప్సూల్స్ వాడుతుంటే తలనొప్పి మొదలై, ఒక ఉదయం చూపు మసకబారింది. ఆస్పత్రిలో ఆ మందే కారణమని ఆపించారు. ముందే హెచ్చరించనందుకు కేసు వేసి పరిహారం అడగొచ్చన్నాడు లాయరు.

ముందు డాక్టర్నే అడుగుదామని మా ఇంటి ఓనరు అప్పలమ్మ ఆంటీతో వెళ్ళాను. తాతల కాలంలో చెరకు తోటల్లో కూలికొచ్చిన తెలుగు కుటుంబం ఆమెది. తెలుగులో ఆమెకి తిట్లే మిగిలాయి.

"ఎవరికో అరుదుగా జరుగుతుంది" అని డాక్టర్ ఇంగ్లీషులో తేల్చేశాడు.

ఆంటీ లేచింది. "సచ్చినోడా! పిల్ల కళ్ళు పోతే నీ కళ్ళిస్తావా?"

డాక్టర్ ఠక్కున నిలబడ్డాడు. "మా అవ్వ ఇలాగే తిట్టేది. తప్పు నాదే, ఆంటీ" అన్నాడు.

చూపు కుదుటపడింది, కేసు వేయలేదు. ఆ తర్వాత ఆయన ఆ మందు రాసే ముందు ప్రమాదాలన్నీ విడమరిచి చెప్పేవాడు. నేను కనిపిస్తే మాత్రం నా వెనక్కి తొంగిచూసి, "ఆంటీ రాలేదు కదా?" అనేవాడు.