గురువారం నరకని చెరుకు

"తీసినదాన్ని మళ్ల ఎక్కడున్నదో అక్కడ పెట్టు."

"పెట్ట అవ్వా. గంట సంది చెప్తున్న, గది చెత్త."

"చెత్తో గిత్తో, నువ్వు రాసింది కాదు గద. రాసినోన్ని ఒక్క మాటన్న అడిగినవా?"

"అడుగుడేంది? గా ప్రోగ్రాం గిప్పుడు నాకప్పజెప్పిండ్రు. నా ఇల్లు నేను ఊడ్సుకోవద్దా?"

"ఊడ్సుకో. గోడ కూలగొట్టకు."

పక్క కుర్చీలో ఉన్న బాల్కొండ పిల్ల నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో భయపడుతోందో తెలియలేదు. నా మనవరాలు మాత్రం నవ్వలేదు. బుధవారం, మధ్యాహ్నం మూడు దాటింది. నాలుగింటికి మెసేజ్‌లు వాటంతట అవే పోతాయని పొద్దున వాళ్లే చెప్పుకుంటుంటే విన్నాను. గడియారం చూడకుండా ఉండలేకపోతున్నాను.

నా మనవరాలు నిజామాబాద్‌లోనే ఒక చిన్న కంపెనీలో కంప్యూటర్ పని చేస్తుంది. వారంలో మూడు రోజులు ఇంట్లో కూర్చునే పని. ఆ మూడు రోజులు తనతో పనిచేసే బాల్కొండ పిల్ల కూడా మా ఇంటికే వస్తుంది. ముందుగదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు. ఇద్దరున్నా తిరిగేది ఒకటే ఫ్యాను కాబట్టి నేనేమీ అనలేదు.

బోధన్ దిక్కున్న ఒక చెరుకు మిల్లు పని వాళ్ల చేతికి వచ్చింది. ఏ రైతు ఏ రోజు చెరుకు నరకాలో మిల్లు ముందుగా చెబుతుంది. ఇదివరకు చిట్టీ ఇచ్చేవారు, ఇప్పుడు ఫోనుకు మెసేజ్ వస్తుంది. చెప్పిన రోజున నరికి ట్రాక్టర్ గేటు దగ్గరికి చేర్చాలి. చేర్చకపోతే ఆ రైతు వంతు వరుస చివరకు పోతుంది. మళ్లీ రావాలంటే పది పన్నెండు రోజులు. పండిన చెరుకు అన్ని రోజులు నిలబడితే లోపల బెండు పడుతుంది, బరువు పోతుంది. ఏడాది చాకిరీ అక్కడే ఎండిపోతుంది.

ఆ మెసేజ్‌లు పంపే ప్రోగ్రాం నాలుగేళ్ల కింద ఎవరో రాసి, వేరే కొలువుకు పోయాడు. రాసిందంతా వీళ్ల నెత్తిన పడింది. నెల రోజులుగా మా ముందుగదిలో అదే తిట్టు, అదే నవ్వు.

"గిది సూడే, ట్రాక్టర్‌కు పెద్దన్న అని పేరు పెట్టిండు."

"మరి ట్రాలీకి?"

"చిన్నన్న. ఇంకో దగ్గర వదిన గూడ ఉన్నది. గామె ఎవరో దొరుకుతలేదు."

"ఏం పని చేస్తున్నది?"

"ఏం చెయ్యదు. ఊకెనే ఉన్నది. తీసేస్తే మాత్రం అంత ఆగిపోతున్నది."

"మా ఇంట్ల గూడ అంతేనే!"

ఇద్దరూ బల్ల మీద తలలు పెట్టి నవ్వేవారు. ఒకే ముక్కను ఏడు చోట్ల రాశాడని ఒక రోజు, ఒక చోట మొదలైంది ఎక్కడ ముగిసిందో తెలియట్లేదని ఇంకో రోజు. "గిట్ల రాసినోన్ని చెరుకుతోటల కట్టెయ్యాలె," అనేది బాల్కొండ పిల్ల. నేను గడప దగ్గర బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేదాన్ని. వాళ్ల పని నాకు తెలియదు గానీ ఆ నవ్వు తెలుసు.

నేను ఇరవై ఏళ్లు బీడీలు చుట్టాను. పెళ్లయిన కొత్తలో మా అత్తకు జ్వరం వచ్చి, ఆమె కత్తిరించి పెట్టిన ఆకు నా చేటలోకి వచ్చింది. ప్రతి ఆకూ కొలతకు గోరంత తక్కువ. పక్కింటి ఆడవాళ్లకు చూపించి పగలబడి నవ్వాను. ముసలిదానికి కన్ను ఆనడం లేదన్నాను. ఆ ఆకు పక్కకు నెట్టి, కట్టలోంచి వేరే ఆకు తీసి నిండు కొలతకు కత్తిరించి చుట్టాను. తీరా ఆ వారం వచ్చిన ఆకు అంచుల నిండా సన్నని చిల్లులు. బీడీలు చూసి తీసుకునేవాడు నావి సగానికి పైగా పక్కకు విసిరేశాడు. అత్త ఆ అంచులు తప్పించడానికే చిన్నగా కత్తిరించింది. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ బుధవారం పొద్దున బాల్కొండ పిల్ల బల్ల చరిచింది.

"దొరికింది! గురువారం పడితే శుక్రవారం చెయ్యుమని రాసిండు. గది గూడ మూడు ఊర్లకే."

"ఎందుకట?"

"ఎందుకో రాయలే. దీన్ని ముట్టద్దు అని మాత్రం రాసిండు."

"గురువారం ఉపాసం ఉంటడు కావచ్చు."

"ఆయన ఉపాసముంటే చెరుకెందుకు ఆగాలె?"

మళ్లీ నవ్వు. నా మనవరాలు ఆ ముక్క తీసేసింది. హైదరాబాద్‌లో ఉన్న వాళ్ల సారుకు పంపితే, శుభ్రంగా చేశారని మెచ్చుకుంటూ జవాబు రాశాడట. ఆ జవాబు నాకు కూడా చదివి వినిపించింది. దాని మొహం వెలిగిపోతోంది. కొలువులో చేరాక దానికి దక్కిన మొదటి మెచ్చుకోలు అది. నేను సంతోషపడి, మిగిలిన నిన్నటి చారు పారబోయకుండా వేడిచేసి, ఇద్దరికీ అన్నం పెట్టాను. పెడుతూ పెడుతూ, ఊరికే అడిగినట్టు, ఏ మూడు ఊళ్లని అడిగాను.

చెప్పింది. మూడూ కందకుర్తి దిక్కు నది ఒడ్డు ఊళ్లు. మూడింటిలో ఒకటి నేను పుట్టిన ఊరు. నా తమ్ముడికి ఇప్పటికీ అక్కడ రెండెకరాల చెరుకుంది. వంతు ఈ వారంలోనే వస్తుందని ఆదివారం ఫోన్ చేసి చెప్పాడు.

ఆ ఊళ్లలో చెరుకు నరికేవాళ్లు నది అవతలి నుంచి వస్తారు, మరాఠీ వాళ్లు. ఆలుమగలు కలిసి వచ్చి పొలాల పక్క గుడిసెలు వేసుకుంటారు. పిల్లలను, ముసలివాళ్లను సొంత ఊళ్లో వదిలి వస్తారు. గురువారం అవతలి ఒడ్డున అంగడి. ఆ రోజు ఆ నరికేవాళ్ల ముఠాలో ఒక్కరూ కత్తి పట్టరు. జొన్నలు, మిరపకాయలు కొనుక్కుంటారు. వదిలి వచ్చిన పిల్లలను చూసుకునేదీ ఆ అంగడిలోనే. వారమంతటిలో వాళ్లకు ఉన్నది ఆ ఒక్క రోజు. మా బాపు నాటి నుంచీ ఇంతే. గురువారం రమ్మని ఏ రైతూ అడగడు. అడగడానికే సిగ్గుపడతాడు.

ఇదంతా చెప్పాను. చెబితే అర్థం చేసుకుంటుందనుకున్నాను.

"గీ ముచ్చట మిల్లోళ్లు ఇచ్చిన కాయితంల లేదవ్వా."

"కాయితంల ఎందుకుంటది? అంగడికి పోతమని ఎవరన్న రాసిస్తరా? గా దిక్కు అందరికి ఎరుకే."

"అందరికి ఎరుకైతే మాకెందుకు ఎరుక లేదు?"

"మీరు అడగకపోతిరి గనుక."

"అవ్వా, సారు మంచిగున్నదన్నడు. గిప్పుడు పొయ్యి, తప్పయింది మళ్ల పెడుతున్న అంటే నన్నేమనుకుంటడు? రేపు మిల్లోళ్లను అడిగి నిమ్మళంగ చూస్త."

అదీ సంగతి. అక్కడి నుంచి మొదలైంది మొదట్లో రాసిన కొట్లాట. పెట్టు అని నేను, పెట్ట అని అది. గోడ గడియారంలో ముల్లు నాలుగు దాటింది. ఇద్దరం ఒకేసారి అటు చూశాం.

తమ్ముడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. గదిలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి గదిలోకి తిరిగాను. తోమిన గిన్నెలే మళ్లీ తోమాను. నీళ్లు వృథా చేస్తే చేతి మీద కొట్టే నేనే రెండు బిందెల నీళ్లు ఊరికే పారబోశాను. మళ్లీ చేశాను. ఎత్తలేదు. ముందుగదిలో నవ్వు లేదు, మాట లేదు, మీటలు నొక్కుతున్న టకటకే వినబడుతోంది. అయిదింటికి తమ్ముడే చేశాడు.

"అక్కా, రేపటికొచ్చింది మెసేజ్! గురువారం నాడు! ఎన్నడు గిట్ల రాలే."

"ముఠా ఉన్నదారా?"

"ఏడున్నది? ఇంతకుముందే నది దాటి పోయిండ్రు. రేపు పొద్దుమూకినంక గని రారు. నా వంతు పాయె. మిల్లు గేటు కాడ ఎవడింటడు నా మాట?"

"తొందరపడకు. ఎక్కడనో తప్పు పడ్డదేమో. దిద్దుతరు."

"ఎవరు దిద్దుతరక్కా? గా మెసేజ్ పంపేది మనిషా? మిషను."

మిషను కాదు, నీ మనవరాలే అని చెప్పాలి. నాలుక చివరి దాకా వచ్చింది. రేపు ఊరంతా నా మనవరాలి పేరు చెప్పుకొని తిడుతుందనిపించింది. చెప్పలేదు. "ఆగు, సూద్దాం," అని ఫోన్ పెట్టేశాను.

వెనక్కి తిరిగితే నా మనవరాలు గడపలో నిలబడి ఉంది. అంతా విన్నది.

"తాతకేనా?"

"తాతకే. ఇంకెంతమందికి పోయిందో నీకే ఎరుక."

లోపలికి పోయి చూసి వచ్చింది. పదకొండు మందికి.

ఆ తరువాత దాన్ని నేనేమీ అనలేదు. అనాల్సిన అవసరమూ లేకపోయింది. బాల్కొండ పిల్ల ఎవరెవరికో ఫోన్లు చేసి, మొదట ఆ ప్రోగ్రాం రాసినవాడి నంబరు సంపాదించింది. నాకూ వినబడేలా స్పీకర్ పెట్టారు. నా మనవరాలు పేరు చెప్పుకుంటుండగానే అవతలి గొంతు అడిగింది.

"గురువారం ముక్క తీసిండ్రా చెల్లె?"

"నీకెట్ల తెలుసన్నా?"

"గిన్నేండ్లకు నాకు ఫోన్ చేసిండ్రంటే గదే అయి ఉంటది. మొదటి ఏడు నేను గూడ గురువారమే ఇచ్చిన. రైతులు మిల్లు ఆఫీసుల నన్ను కుర్చీల కెల్లి లేవనియ్యలే. చుట్టు నిలవడి చూస్తుంటే, గా కుర్చీలనే కూసొని రాసిన. అందంగ రాయనీకి టైమెవరిచ్చిండ్రు?"

"ముట్టద్దని రాసినవు. ఎందుకో రాయొద్దా అన్నా?"

"రాద్దామనుకున్న. మర్చిపోయిన."

బాల్కొండ పిల్ల ఆగలేకపోయింది. "అన్నా, వదిన ఎవరు?"

అవతల పెద్ద నవ్వు. "గామె జోలికి పోకుండ్రమ్మా. నాకు గూడ తెల్వది."

మెసేజ్‌లు పోయాక నా మనవరాలు కాస్త నవ్వింది అప్పుడే. తీసిన ముక్కను పది నిమిషాల్లో మళ్లీ పెట్టేసింది. ఎందుకో కూడా దాని పక్కన రాసింది, నన్ను అడిగి అడిగి. అంగడి ఏ ఒడ్డున, ముఠా ఎప్పుడు పోతుంది, ఎప్పుడు వస్తుంది, అన్నీ. కానీ పోయిన మెసేజ్‌లు పోయినవే. తేదీ మార్చాలంటే మిల్లులో చెరుకు ఆఫీసరు ఒప్పుకోవాలి. ఆయన ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఆఫీసు మూసే వేళ అయింది, ఇక పొద్దున తొమ్మిదికే.

పొద్దు గూకకముందే తమ్ముడికి మళ్లీ చేశాను. ఈసారి నిజం చెబుదామనే చేశాను. స్విచాఫ్. వాడికి ఛార్జింగ్ పెట్టుకునే బుద్ధి ఎప్పుడూ లేదు. మరదలికీ, ఇంట్లో ఉండే కోడలికీ ఫోనే లేదు. ఆ పూట నేను వండిన అన్నం నేనే తినలేదు. పారేయలేక నీళ్లు పోసి పెట్టాను. పడుకున్నా చెవి ఫోను మీదనే ఉంది.

తెల్లారి ఆరింటికి చేశాను. స్విచాఫ్. ఎనిమిదింటికి చేశాను. స్విచాఫ్. తొమ్మిదికి నా మనవరాలు మిల్లుకు ఫోన్ చేసింది. "తప్పు నాదే సార్. మిల్లుది కాదు, ముందు రాసినాయనది గూడ కాదు," అంది. ఆఫీసరు చాలాసేపు తిట్టాడు. తలవంచుకొని విన్నది. చివరకు ఆయన ఒప్పుకున్నాడు. పదింటికి పదకొండు మందికీ శుక్రవారం అని మెసేజ్ పోయింది. తరువాత నా మనవరాలు హైదరాబాద్ సారుకు కూడా జరిగింది జరిగినట్టు రాసి పంపింది.

పదిన్నరకు మళ్లీ చేస్తే తమ్ముడి ఫోన్ మోగింది. ఎత్తింది వాడి కోడలు.

"మామ, అత్తమ్మ పొలంలనే ఉన్నరు. పొద్దున నాలుగింటికి కత్తులు పట్టుకొని పోయిండ్రు. ముఠా లేకున్న సగం ట్రాలీ అన్న తోలుతం, వంతు పోదు అన్నడు. ఫోన్ గిప్పుడే ఛార్జింగ్ పెట్టిన."

పిలిపించమన్నాను. వాడు వచ్చేదాకా ఫోన్ పెట్టేయలేదు.

"నాలుగు సాళ్లు కొట్టినం అక్కా," అన్నాడు. ఆయాసపడుతున్నాడు. అరవై అయిదేళ్ల మనిషి.

వంతు రేపటికి మారిందని, ఆ తప్పు చేసింది నా మనవరాలేనని, నిన్న అయిదింటికే నాకు ఆ సంగతి తెలుసని, మూడూ ఒకేసారి చెప్పేశాను.

"నిన్ననే చెప్తే ఏమైతుండె అక్కా? పండుకుందుము గద."

మనవరాలు నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "తాతా," అని పిలిచింది. నరికిన చెరుకు ఒక్క రోజుకు ఎండదు కదా అని ఇది అడిగింది. ఎండదు, ఆకు కప్పుతామని వాడు చెప్పాడు. తరువాత తమ్ముడు, మరదలు ఆ నాలుగు సాళ్ల చెరుకు మీద ఆకు కప్పి ఇంటికి పోయారు.