ఆ డబ్బా పెట్టింది సూరి మావయ్య కాదు

నిన్న పొద్దున్న సూరి మావయ్య కొడుకు రాజు ఫోన్. "నాన్న ఎల్లిపోనాడు వదినా."



మొన్న ఆదివారమే మావయ్య ఫోన్లో "ఓపాలి రాకూడదేటే సిట్టీ? నువ్వుండే రాయ్‌పూర్ ఏమన్నా కాశీయా?" అన్నాడు. వస్తాలే అన్నాను. వెళ్ళలేదు.

ఇప్పుడు భిలాయి వైశాలి నగర్‌లో వాళ్ళింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. ఫోటో చూసి చేతులు జోడించే బొమ్మ పెట్టేసి వెళ్ళిపోకండి. చివరిదాకా చదవండి. ముఖ్యంగా మన భిలాయి చుట్టాలు.

తెలియని వాళ్ళకి చెప్తున్నాను. సూరి మావయ్య మా అమ్మకి తమ్ముడు. భిలాయి స్టీల్ ప్లాంట్‌లో మీటర్లు బాగుచేసే టెక్నీషియన్.

తొంభైల్లో సంగతి. నాన్న ఆఫీసర్ కాబట్టి నాకు గోల్ఫ్ కోర్సులోకి ఎంట్రీ ఉండేది. మావయ్యకి లేదు. నా బ్యాగు మోసుకొస్తేనే గేటు దాటనిచ్చేవారు. ఇరవై రెండేళ్ళొచ్చాయి నాకు, ఆ మనిషి చేత బ్యాగు మోయిస్తున్నానని సిగ్గు కూడా పడలేదు.

మావయ్య జీవితంలో ఒక్క బంతి కొట్టలేదు. అయినా మూడు వారాలు చూసి నా జబ్బేంటో పట్టేశాడు. "బంతికి దెబ్బ తగలకముందే అదెక్కడికెల్లిందో సూసేత్తన్నావు. తలెత్తీకు."

చెప్తే వినే రకమా నేను? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

అప్పుడు చేశాడు ఆ డబ్బా.

అగ్గిపెట్టె అంత ఉండేది. లోపల పాదరసం బొట్టు ఉన్న చిన్న గాజు గొట్టం, బ్యాటరీ, బజర్. క్లిప్పుతో జడ కింద పెట్టుకోవాలి. షాట్‌కి ముందు స్విచ్ వేయాలి, అయ్యాక ఆపాలి. మధ్యలో తల లేచిందా, కుయ్యిమని కూసేది. చూసేవాళ్ళు నాకు షాట్‌కోసారి జడ సర్దుకునే పిచ్చి ఉందనుకునేవారు.

రెండు నెలల్లో నా ఆట మారిపోయింది. క్లబ్ సెక్రటరీ డబ్బా చూసి ముచ్చటపడి, కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం ఇలాంటివి కొన్ని చేసిపెట్టమన్నారు. ఆ రోజు మావయ్య మొహం చూడాలి! మర్నాడే సైకిలేసుకుని దుర్గ్ వెళ్ళి సామాన్లు తెచ్చేసుకున్నాడు.

తర్వాత లేడీస్ ఫైనల్ వచ్చింది.

ప్రాక్టీస్‌లో డబ్బా వాడుకోవచ్చు, మ్యాచ్‌లో కుదరదు. అది రూల్. మావయ్యే నా జడ కింద నుంచి తీసి తన టిఫిన్ సంచిలో పడేశాడు. "ఇయాల ఇది వొద్దు. నీ ఆట నువ్వాడు."

నాకు ధైర్యం చాలలేదు. మావయ్య మంచినీళ్ళు తేవడానికి వెళ్ళినప్పుడు, ఆ సంచిలోంచి నేనే తీసుకుని పెట్టుకున్నాను.

మళ్ళీ చెప్తున్నాను. నేనే.

చివరి హోల్. మా కోర్సులో గుంటల చుట్టూ పచ్చగడ్డి గ్రీన్లు ఉండేవి కావు. నూనె కలిపిన ఇసుక పరిచి వాటిని బ్రౌన్లు అనేవారు. బంతి ఆ ఇసుక మీద దొర్లుకుంటూ వెళ్ళి గుంటలో పడింది. గెలిచేశాను! ఆ సంబరంలో స్విచ్ ఆపడం మర్చిపోయాను. ఎదుటామెతో చెయ్యి కలపడానికి తలెత్తాను.

కుయ్య్ మంది.

అందరూ అటూ ఇటూ చూస్తున్నారు. "యే ఆవాజ్ కహాఁ సే ఆ రహీ హై?" అన్నారు సెక్రటరీ, ఈ చప్పుడెక్కడిదని.

మావయ్య ఒక్కసారి నా కళ్ళలోకి చూశాడు. గబగబా వచ్చి జడ కింద నుంచి డబ్బా తీసేశాడు. "గల్తీ మేరీ హై సాబ్. నికాల్నా భూల్ గయా. బచ్చీ కో పతా నహీఁ థా." తప్పు తనదేనట, తియ్యడం మర్చిపోయాడట, పిల్లకి తెలీదట.

నేను నోరు విప్పలేదు.

గెలుపు రద్దయింది. మావయ్యని మళ్ళీ గేటు దాటనివ్వలేదు. డబ్బాల సంగతి ఇంకెవరూ ఎత్తలేదు. దుర్గ్ నుంచి తెచ్చిన సామాన్లు అటక మీదే ఉండిపోయాయి. ఇంట్లో ఆయన సోల్డరింగ్ ఐరన్ మళ్ళీ చేతిలోకి తీసుకోలేదు.

ఆ సాయంత్రం నాతో అన్న మాట ఒక్కటే. "ఎవలికీ సెప్పకు. నీకింకా బోల్డు ఆట ఉంది."

నిజంగానే ఎవరికీ చెప్పలేదు. ఇంకో అయిదేళ్ళు ఆడాను. కప్పులు కూడా తెచ్చుకున్నాను.

అందరికంటే ఎక్కువ కోపం అమ్మకొచ్చింది. "ఆఫీసర్లందరి ముందరా నా కూతురి పరువు తీసేవురా" అని తమ్ముడితో మాటలు మానేసింది. రాఖీ మనం ఇక్కడికొచ్చాక నేర్చుకున్న పండగే అయినా, అమ్మకి ప్రాణం. అలాంటిది మూడేళ్ళు కట్టలేదు. ప్రతి ఏడూ ఆయన స్వీట్ల డబ్బా పట్టుకొచ్చి, కాసేపు కూర్చుని, ఉత్త చేత్తో వెళ్ళిపోయేవాడు.

చివరికి నా పెళ్ళిలో పెద్దవాళ్ళు కలిపారు. మావయ్య అమ్మ చేతులు పట్టుకుని "తప్పైపోనాదక్కా" అన్నాడు. అమ్మ క్షమించింది.

చెయ్యని తప్పుకి.

పక్కనే పెళ్ళికూతుర్ని నేను. అప్పుడూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇప్పటికీ ఏ ఫంక్షన్లోనో ఎవరో ఒకరు "మేనకోడల్ని గెలిపించడానికి దొంగాట ఆడించాడు" అని నవ్వుతారు. ఇక నవ్వకండి. దొంగని నేను.

పోస్ట్ చేసే ముందు ఇదంతా ఈ పొద్దున్న అమ్మకి చదివి వినిపించాను. విని ఒక్కటే అడిగింది.

"మరి ఆడు నాకెందుకు సెప్పనేదే?"



అమ్మ గోడ పట్టుకుని లేచి, వెళ్ళి తమ్ముడి పక్కన కూర్చుంది. రాఖీ కట్టే చోట ఆయన చెయ్యి పట్టుకుంది. బయల్దేరే టైమైందని రాజు రెండుసార్లు చెప్పాడు. వదలట్లేదు. నా వైపు చూడట్లేదు.

మావయ్యా, చెప్పొద్దన్నావు. చెప్పేశాను. ఇక నా తప్పు నువ్వు మోయక్కర్లేదు. నిమ్మళంగా వెళ్ళు.

నీ సిట్టి