మరిగించిన పొట్లాలు

మా మేనల్లుడికి ఐదో నెలలో బుగ్గలు ఎర్రబడి, మోచేతి మడతల్లో చెమ్మ ఊరి, ఒళ్ళంతా గోకుడు పట్టుకుంది. రక్తం వచ్చేలా గోక్కుంటున్నాడని మా అక్క వాడి చేతులకు పాత బనీను గుడ్డ చుట్టింది. అది చూసి వీడు బాక్సరులా ఉన్నాడన్నది నేనే. మా ఇంట్లో ఏం జరిగినా ముందు నా జోకు పడాలి, మిగతావాళ్ళు ఏడిస్తే ఆ తర్వాత ఏడవాలి.

పురిటికొచ్చిన అక్క ఇంకా ముక్తేశ్వరంలో మా దగ్గరే ఉంది. రాజోలు నుంచి వాళ్ళ అత్తగారు వారం వారం బస్సులో వచ్చేవారు. వాణ్ణి బోర్లా, వెల్లకిలా తిప్పి చూసి, అక్క ఏమేం తిన్నదో విచారణ జరిపేవారు. రొయ్యలు తిందా, వంకాయ తిందా. తీర్పు మాత్రం ఎప్పుడూ ఒకటే: తల్లిపాలు వాడికి పడటం లేదు, మాన్పించి డబ్బా పాలు పట్టాలి. కువైట్ నుంచి బావ అప్పటికే రెండు డబ్బాలు పంపాడు. శుక్రవారం ఫోనులో పిల్లాడెలా ఉన్నాడని కాదు, డబ్బా తెరిచారా అని అడిగేవాడు. పిల్లాడికి తను చేయగలిగింది పాలివ్వడమొక్కటేనని అక్క పట్టుబట్టింది.

అమలాపురంలో పిల్లల డాక్టరుగారు పాలు మానొద్దని చెప్పారు. ఒంటికి పూత మందు రాశారు. ఇంతలో వాడు గుక్కపట్టి ఏడిస్తే అక్క వాణ్ణెత్తుకుని వరండాలోకి వెళ్ళింది. మిగతాది విన్నది నేనొక్కణ్ణే. పేగుల్లో ఉండాల్సిన మంచి సూక్ష్మజీవులు పుట్టిన కొత్తలోనే చేరాలట. అవి కుదురుగా లేకపోతే ఒళ్ళు ప్రతిదానికీ ఉలిక్కిపడుతుందని కొందరు అంటున్నారట. ఆ జీవులున్న పొడి పొట్లాలు ఇచ్చారు. కొందరికి పనిచేయొచ్చు, అందరికీ చేస్తుందని మాటివ్వలేనన్నారు. గోరువెచ్చని నీళ్ళలో కలిపి పట్టమన్నారు.

ఇంటికొచ్చాక, పొట్లాల్లో ఏముందని అమ్మ అడిగింది.

"పురుగులమ్మా. బతికున్నవి. నీ మనవడి కడుపులో కాపురం పెడతాయంట."

అమ్మ నవ్వలేదు. నేను నవ్వుకున్నాను, గోరువెచ్చని నీళ్ళ సంగతి చెప్పడం మర్చిపోయాను. కుళాయి నీళ్ళు మరిగించనిదే ఎవరి నోటా పడనివ్వని మనిషి, బతికున్న పురుగుల్ని పసివాడికి పడుతుందా? రోజూ పొద్దున్నే గిన్నెలో నీళ్ళు పోసి, పొడి వేసి, కళపెళా మరిగించి, చల్లార్చి, పలచటి గుడ్డలో వడగట్టి మరీ పట్టింది. నలభై రోజులు. శ్రద్ధకేం లోటు లేదు.

గోకుడు తగ్గలేదు.

"చూసేరా వదినగారూ, అంత మందుకీ లొంగలేదంటే లోపం పాలల్లోనే ఉందండి," అన్నారు అత్తగారు.

ఆ శుక్రవారం బావ ఫోనులో అరిచాడు. అక్క పాలు మానేసింది. రొమ్ములు గట్టిపడి జ్వరమొచ్చి మూడు రోజులు మంచం దిగలేదు. పాలు ఎండడానికి రొమ్ములకు మల్లెపూలు కట్టమన్నారు అత్తగారు. పెరట్లో కోసుకొచ్చింది నేనే.

పొట్లాలు అయిపోతే మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఎలా కలిపేరని అడిగారు. చెప్పాను, పాలు మాన్పించిన సంగతి కూడా.

"మరిగిస్తే అందులో బతికేదేముందయ్యా? ఉత్త పొడి పట్టేరు. సరే, పాలు ఎవరు మాన్పించమన్నారు?"

ఇంట్లో చెప్తే అమ్మ ఆ వడగట్టే గుడ్డ తీసి చెత్తలో పడేసింది. అత్తగారు మాత్రం, పోన్లెండి, డబ్బా పాలకి వాడు ఒళ్ళు చేసేడు కదా అన్నారు. ఆవిడ మీద కోపం నాకిప్పటికీ దిగలేదు. అంత దూరం నుంచి ఫోనులో పెత్తనం చేసిన బావ మీదా దిగలేదు. కానీ వాళ్ళకి ఆ సాకు చేతికందించింది నేను.

"ఒక్కసారైనా తిన్నగా చెప్పలేవట్రా?" అంది అక్క. అంతే అంది.

తర్వాత పది రోజులు తలుపేసుకుని వాణ్ణి రొమ్ముకు పట్టి చూసింది. వాడు రెండు గుక్కలు లాగి, ఏమీ రాక, మొహం తిప్పేసుకుని సీసా కోసం ఏడ్చేవాడు. పదకొండో రోజు తలుపు తీసి, సీసా కడిగి తెమ్మని నా చేతికిచ్చింది.

నాలుగో ఏడు దాటాక గోకుడు తగ్గింది. దేనివల్లో డాక్టరుగారికీ తెలియదు. మరిగించకుండా పట్టినా ఆ పొడి పనిచేసేదో లేదో. అత్తగారికి మాత్రం తెలుసు. ఏ పెళ్ళిలో కలిసినా డబ్బా పాలే మా మనవణ్ణి కాపాడాయండి అంటారు, చుట్టూ ఉన్నవాళ్ళు ఆయ్ అంటూ తలూపుతారు. నేను లేచి, కాదండీ అని మొదట్నుంచీ చెబుతాను. ఎవరు మరిగించారో, ఎవరి మాట విని మరిగించారో కూడా చెబుతాను. విస్తట్లో అన్నం చల్లారిపోతోంది, కూర్చోవయ్యా అంటారు. కూర్చోను.